కట్టె గంట పోయిందని రాయను

ఆ వెబ్‌సైట్‌లో నా పేజీ కింద "పోయింది" అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కమని మర్యాదగా చెప్పినవాళ్లున్నారు, విసుగ్గా చెప్పినవాళ్లున్నారు. మా అక్కయితే తిట్టి మరీ చెప్పింది. నేను నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో చెప్పాలంటే ముందు మా నాన్న గంట గురించి చెప్పాలి.

మాది పినపాక వైపు అడవి అంచు పల్లె. మా నాన్న కూలికి పోయేవాడు. కూలి దొరకని రోజున కట్టె గంటలు చేసేవాడు. అడవిలోకి మేతకు పోయే గొడ్ల మెడలో కట్టే గంటలు. బజారులో ఇత్తడి గంటలు దొరుకుతాయి గానీ ఆ మోత చెట్ల మధ్య చెదిరిపోతుందని, కట్టె చప్పుడు అయితే తిన్నగా ఇంటికొస్తుందని ఆయన వాదన. గుమ్మడి టేకు దుంగను జానెడు ముక్కగా కోసి, బాడిశతో పైరూపం చెక్కి, ఉలితో లోపల తొలిచి, రెండు నాలుకలు వేలాడదీసేవాడు. ఎంత తొలవాలో ఆయన చేతికి తెలుసు. వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు, మళ్లీ కాసింత పొట్టు తీసేవాడు. ఏ ఇంటి గంట చప్పుడు ఆ ఇంటిదే. పొద్దుగూకేటప్పుడు మంద ఇంకా వాగు అవతల ఉండగానే, ఫలానా వాళ్ల ఆవు రాలేదని మా అమ్మ పొయ్యి ముందు కూర్చునే చెప్పేది.

పోవడానికి ముందు ఏడాది ఆయన ఒకే దుంగలోంచి రెండు గంటలు చేశాడు. అప్పటికి మాకు గొడ్లు లేవు. ఎవరికి నాన్నా ఇవి అని అడిగితే, "మీ ఇద్దరికి. ఒక్క కట్టె, ఒక్క సప్పుడు," అన్నాడు. అక్క తన గంటను అత్తగారి ఊరు వేంసూరు తీసుకుపోయి, హాల్లో అద్దాల బీరువాలో, బావగారికి ఎప్పుడో వచ్చిన షీల్డు పక్కన పెట్టుకుంది. నాది భద్రాచలంలో నా కిరాయింట్లో వంటగది మేకుకు వేలాడేది. తాలింపు పెట్టినప్పుడల్లా దాని మీద కాస్త జిడ్డు చేరేది.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. సర్కారు దవాఖానాలో మలేరియా స్లైడ్లు చూస్తాను. ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలు జ్వరమొచ్చిన వాళ్ల వేలు గుచ్చి, గాజు స్లైడు మీద రక్తం పూసి, ఊరి పేరు రాసి, కాగితంలో చుట్టి తెస్తారు. నేను మైక్రోస్కోపు కింద పెట్టి చూసి ఉందో లేదో రాస్తాను. ఏజెన్సీలో చాలా ఊళ్లు నాకు స్లైడ్ల మీద పేర్లుగానే తెలుసు. ఏ ఊళ్లో జ్వరాలున్నాయో చెప్పగలను గానీ ఆ ఊరికి దారెటో చెప్పలేను.

నాన్న పోయాక, రెండేళ్ల కిందట, మా ల్యాబువాళ్లం ఆరుగురం మధ్యప్రదేశ్‌లో ఒక నేషనల్ పార్కు చూడ్డానికి వెళ్లాం. పులి కనిపించలేదు. రెండో రోజు జీపు ఒక పెద్ద గడ్డి మైదానం దగ్గర ఆగింది. జింకలు మేస్తున్నాయి. మావాళ్లంతా ఫోన్లు పైకెత్తారు. గైడు నా వయసు మనిషే. ఇది ఒకప్పుడు ఊరు అని హిందీలో మెల్లగా చెప్పాడు. పులుల కోసం ఊరిని ఊరే బయటికి పంపేశారట. అదిగో ఆ మామిడిచెట్లు మా తాతలు పెట్టినవే అన్నాడు. మీ ఊరా అని అడిగాను. తలూపి, బండి పోనిమ్మని డ్రైవరుకు చెప్పాడు. పార్కులో జీపు దిగకూడదని రూలు. తన ఊళ్లో తానూ దిగకూడదు.

పులికి నేను వ్యతిరేకం కాదు. కానీ ఆ మైదానంలో ఏదో తక్కువైంది, అదేంటో నాకు కాసేపటికి గాని తట్టలేదు. అంత గడ్డి ఉంది, ఒక్క గంట చప్పుడు లేదు. బయటికొచ్చాక గేటు పక్క కొట్లో కట్టె గంటలు అమ్ముతున్నారు. మీద పులి బొమ్మ, కింద రంగు కుచ్చులు. ఒకటి తీసి ఊపాను. పలకలేదు. లోపల తొలవనే లేదు, నాలుకలు జిగురు పెట్టి అంటించారు. ఇదేంటయ్యా మోగదు అంటే, గోడకు తగిలించుకోవడానికి మేడమ్ అన్నాడు కొట్టు మనిషి. మా నాన్న ఉంటే దాన్ని పొయ్యిలో పెట్టేవాడు. నేను అక్కడే పెట్టేసి వచ్చాను గానీ కోపం మాత్రం జీపెక్కి, రైలెక్కి నాతోపాటు ఖమ్మం దాకా వచ్చింది.

ఆ గేటు దగ్గరే ఇంకో వింత కూడా చూశాను. మాతో జీపులో తిరిగిన బెంగళూరు ఆవిడ మైలురాయి వెనక రాళ్లు కదిలించి, టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి బయటికి తీసింది. ఏంటని అడిగితే జియోకాషింగ్ అంది. ఎవరో ఒకరు బయట ఎక్కడో ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటు వివరాలు వెబ్‌సైట్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోను పట్టుకుని వెతికి, డబ్బాలోని పుస్తకంలో సంతకం చేసి, ఉన్నచోటే దాచి పోతారు. కొన్ని డబ్బాల్లో ట్రాకబుల్ అనే వస్తువు ఉంటుంది. దానికి నంబరు కొట్టిన బిళ్ళ ఒకటి తగిలించి ఉంటుంది. దొరికినవాళ్లు దాన్ని తీసుకెళ్లి తాము పోయే దారిలో ఇంకో డబ్బాలో వదిలి, ఆ నంబరు వెబ్‌సైట్‌లో కొడతారు. వస్తువు ఎక్కడెక్కడ తిరుగుతోందో సొంతదారు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. మనుషులకు ఇంత తీరిక ఎక్కడిదా అనుకున్నాను. రైల్లో వస్తుండగా నా వంటగది మేకు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చిన వారానికి బిళ్ళ తెప్పించాను. నాన్న గంటకు జిడ్డు తుడిచి, మెడతాడు కట్టే బొక్కలోంచి తీగ దూర్చి బిళ్ళ తగిలించాను. పేజీలో గమ్యం అని ఒక గడి ఉంటుంది. అందులో ఆ పార్కు పేరు, ఆ మైదానం గుర్తులు రాసి, కింద ఇలా పెట్టాను: "జీపు దిగక్కర్లేదు. అక్కడ ఒక్కసారి ఊపండి చాలు." ఆ గడ్డికి ఒక నిజమైన గంట వినిపించాలి, ఆ జిగురు గంటలకు బుద్ధి చెప్పాలి, అంతే నా కోరిక. మణుగూరు దాటాక అడవి రోడ్డు పక్కన, బండల సందులో ఒక డబ్బా ఉందని వెబ్‌సైట్ చెప్పింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఒకతను ట్రెక్కింగుకు వచ్చినప్పుడు పెట్టిందట. స్కూటీ మీద వెళ్లి, గంటను అందులో పెట్టి, మూత గట్టిగా బిగించి వచ్చాను.

నెలన్నరకు ఆ డబ్బా పెట్టినతను ఫోన్ చేశాడు. "మేడమ్, మీ ఐటెమ్ డబ్బాలో లేదు. ఎవరూ లాగ్ చేయలేదు. మీరే మిస్సింగ్ అని మార్క్ చేసేయండి, లిస్టు క్లీన్‌గా ఉంటుంది."

అంతలోపే, నేనూ చేరిన ఆటగాళ్ల గ్రూపులో అతను రాసింది చదివాను. రెండు స్లైడ్ల మధ్య ఫోను చూస్తే కనిపించింది. "లోకల్స్ ఎత్తుకెళ్లారు. అడవిలో ఏం పెట్టినా మిగలదు." కింద నలుగురు నవ్వు బొమ్మలు పెట్టారు.

"తమ్ముడూ, నేనూ లోకలే," అన్నాను. "నీ డబ్బాలో ఇంకేం పోయినయి?"

"ఇంకేం పోలేదు మేడమ్. పెన్ను, కీచైన్లు, కొత్త టార్చిలైటు, అన్నీ ఉన్నాయి."

"దొంగ టార్చిలైటు వదిలేసి కట్టె గంట పట్టుకుపోతాడా?"

"ఏమో మేడమ్. వాళ్ల మెంటాలిటీ మనకు తెలీదు కదా."

ఆ "మన"లో నన్ను కలుపుకున్నందుకు నాకు ఒళ్లు మండింది. వాళ్ల రక్తం రోజూ నా కళ్ల కింద ఉంటుంది. పినపాక పిల్లని. ముందు గ్రూపులో రాసింది తీసెయ్యి అన్నాను. అందరికీ తెలియాలి కదా మేడమ్, జాగ్రత్తపడతారు అన్నాడు. నెల రోజులు చూస్తానని, ఆ తర్వాత తన వైపు నుంచి తనే పోయిందని పెట్టేస్తానని చెప్పాడు. పెట్టి చూడు అన్నాను. ఫోన్ పెట్టేశాక, తర్వాతి స్లైడు మీద ఒక్కసారే వేయాల్సిన నూనె చుక్క రెండుసార్లు వేశాను.

ధైర్యంగా మాట్లాడాను గానీ నాకూ భయం పట్టుకుంది. అది నాన్న ఆఖరి గంట. అతనన్నదే నిజమైతే, నేను నాన్న గంటను పోగొట్టుకున్నదాన్నే కాదు, నా వాళ్ల గురించి తెలియక గొప్పలు పోయినదాన్ని కూడా అవుతాను. ఆ రాత్రి అక్కకు ఫోన్ చేసి చెప్పడం నా బుద్ధి తక్కువ.

"నాన్న చేతి పనిని తీసుకెళ్లి బండల సందులో పెట్టొచ్చావా?" అంది అక్క. "నీకసలు బుర్రుందటే?"

"మోగాల్సిన వస్తువు. మేకుకు వేలాడుతుంటే నాకు మనసొప్పలేదు."

"అందుకని దొంగల పాలు చేశావు. పోయిందని ఒప్పుకో, ఆ బటనేదో నొక్కి చావు. ఇంకెప్పుడూ నాన్న ఊసెత్తకు నా దగ్గర."

ఆదివారం స్కూటీ తీశాను. డబ్బా ఉన్న బండలకు దగ్గరలో ఒక చిన్న గూడెం ఉంది. ఫోనులో ఉన్న గంట ఫొటో ఇంటింటికీ చూపించాను. అందరూ ఓపిగ్గా చూశారు. ఇది గంటే అన్నారు. అది నాకూ తెలుసు. చూశారా అంటే తెల్వదన్నారు. చివరింటి వాకిట్లో ఒక ముసలాయన వెదురు చీలుస్తున్నాడు. ఫోను వైపు ఒకసారి చూసి కత్తి పక్కన పెట్టాడు.

"బొమ్మ జూస్తె ఏమెరుక బిడ్డా? గంటను సప్పుడుతోని అడగాలె. దీని సప్పుడెట్ల ఉంటది?"

గంట చప్పుడును నోటితో ఎలా చెప్పాలి? లొటలొట అన్నాను. అన్ని గంటలు అట్లనే అంటయి అన్నాడాయన. గంటలు చేసేవాడి కూతుర్ని, గంటను వెతకడానికి ఫొటో పట్టుకొచ్చాను. స్లైడ్లు చూసీచూసీ ప్రతిదీ కంటితోనే పట్టుకోవచ్చనుకున్నాను కాబోలు. సిగ్గేసింది.

ఆ చప్పుడున్న వస్తువు లోకంలో ఇంకొక్కటే ఉంది. అది వేంసూరులో అద్దాల బీరువాలో ఉంది.

మరుసటి శనివారం బస్సెక్కాను. అశ్వారావుపేట దగ్గర రెండు వైపులా పామాయిలు తోటలు దాటుతున్నంతసేపూ అక్కతో ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. అనుకున్నదేదీ పనికిరాలేదు. గంట అడగ్గానే అక్క లేచి వెళ్లి బీరువా తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది.

"ఒకటి పోగొట్టావు చాల్లేదా? రెండోది కూడా ఊళ్లమ్మట తిప్పుతావా?"

"దొంగిలించారని వాడు రాసింది నువ్వు చదవలేదక్కా. మన ఊళ్ల గురించి రాసిండు. నేనది ఒప్పుకోను. గంట ఇయ్యి, లేకపోతే నీ బీరువా అద్దం పగలగొడతా."

బావగారు పేపరు వెనకాల దాక్కున్నారు. చిన్నప్పుడు కూడా నేను ఇలాగే బెదిరించేదాన్ని, అన్నంత పనీ చేసేదాన్ని. అది అక్కకు తెలుసు.

"నా గంట నా చేతిలోనే ఉంటుంది," అంది చివరికి. "నేనూ వస్తా."

ఆదివారం చర్చి మానేసి మరీ వచ్చింది. మా అక్క చర్చి మానడం నేను అంతకుముందు దాని కాన్పులప్పుడే చూశాను. భద్రాచలం నుంచి స్కూటీ మీద నా వెనక కూర్చుని, గంటను చీరకొంగులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. దారిలో గుంత వచ్చినప్పుడల్లా కొంగులోంచి లొటక్కుమనేది, వెంటనే అక్క నన్ను తిట్టేది.

ముసలాయన వాకిట్లోనే ఉన్నాడు. అక్క గంటను కొంగులోంచి తీసి పూజ గంటలా పట్టుకుని ఊపింది. సరిగ్గా పలకలేదు. నేను లాక్కుని, మెడతాడు పట్టి, ఆవు నడిచినట్టు అడుగు మీద అడుగుగా కదిలించాను. ముసలాయన రెండు అడుగుల చప్పుడు కూడా పూర్తి కానివ్వలేదు.

"అవ్. గదే," అన్నాడు. "నేనే తీసిన."

అక్క నా వైపు చూసింది. చూశావా దొంగ అన్నట్టుంది ఆ చూపు. ఆయన మాత్రం ఏ తొణుకూ లేకుండా చెప్పుకుంటూ పోయాడు.

"గొడ్లను తోలుకపోతుంటే బండల నడుమ డబ్బ కనబడ్డది. తెరిసి జూస్తె గంట. ఎవరిదో గొడ్డు గంట పడిపోయింది, దొరికినోడు వానకు తడవకుండ డబ్బల పెట్టిండు అనుకున్న. ఎవరిదో రాయమని పుస్తకం గూడ పెట్టిండు. నాకు రాయ రాదు. గందుకే గంట పట్టుకొని అడుగుదామని పోయిన."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అడవిలో గంట దొరికితే ఎవరూ ఇంట్లో పెట్టుకోరు. గంట పడిందంటే ఎక్కడో ఒక గొడ్డు చప్పుడు లేకుండా తిరుగుతోందని అర్థం. దొరికినవాడు దాన్ని తన మందలో ముందు నడిచే గొడ్డుకు కట్టి తోలతాడు. మధ్యాహ్నం నీళ్ల దగ్గర మందలన్నీ కలుస్తాయి, అందరూ వింటారు. తమది అయితే చెబుతారు. ఎవరూ చెప్పకపోతే పక్క మందకు, అక్కణ్ణుంచి ఆ పక్క మందకు గంట పోతూ ఉంటుంది, దాని గొడ్డు దొరికేదాకా. నాన్న ఇది చెప్పేవాడు. నేను బెంగళూరు ఆవిడ దగ్గర వింతగా విన్న ఆట, మా ఊరి గొడ్లకాపర్లు ఎప్పట్నుంచో ఆడుతున్నదే. వాళ్లకది ఆట కాదు, అంతే తేడా.

"వారం దినాలు మా పెద్దావుకు గట్టి తోలిన. అందరు మాది కాదన్నరు," అన్నాడు ముసలాయన. "గా బిళ్ళ మీద నంబరు ఉన్నది గద. గొడ్డు చెవి బిళ్ళ ఊడితె గంటకు గట్టిన్రేమో అనుకున్న. పశువుల దవాఖానాకు పట్టుకపోయి సారుకు జూపించిన. ఆయన ట్యాబుల కొట్టి జూసిండు. గీ నంబరు మన తాన లేదు, అవతలి రాష్ట్రం గొడ్డు కావొచ్చు అన్నడు."

నాకు నవ్వాగలేదు. సర్కారు వాళ్లు పశువుల చెవులకు కుట్టే పసుపు బిళ్ళ అనుకున్నారు నా ట్రాకబుల్ నంబరును. పాపం ఆ డాక్టరు గారు దేశంలోని ఆవులన్నిటిలో దాన్ని వెతికి ఉంటారు. అక్క కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మరి ఇప్పుడెక్కడుంది తాతా?"

"మా వియ్యపురాలికిచ్చి పంపిన. ఆమెది గోదారి అవతల, దుమ్ముగూడెం దాటినంక. ఛత్తీస్‌గఢ్ మందలు వాళ్ల నీళ్ల కాడికి వస్తయి. ఆడ దొరుకుతరేమో గొడ్డుగలోళ్లు అని."

ఆయన ఊరి పేరు చెప్పాడు. ఆ పేరు నాకు బాగా తెలుసు. ఆ వానాకాలమంతా ఆ పేరున్న స్లైడ్లు చూస్తూనే ఉన్నాను.

మర్నాడు సెలవు పెట్టాను. అక్క బావగారికి ఫోన్ చేసి అన్నం ఆయన్నే వండుకోమంది. దుమ్ముగూడెం దాటి, తారు రోడ్డు అయిపోయి, మట్టి బాటలో రెండుసార్లు స్కూటీ దిగి తోసుకుంటూ, మధ్యాహ్నానికి ఆ ఊరి వాగు దగ్గరికి చేరాం. మందలు నీళ్లకు దిగి ఉన్నాయి. చెట్టు కింద ఒక పెద్దమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని గొడుగు కర్రలా ఆనించుకుని కూర్చుంది. నేను ముసలాయన పేరు చెప్పేలోపే అక్క గంట తీసి ఊపడం మొదలుపెట్టింది. ఈసారి సరిగ్గా ఊపింది. అడుగు మీద అడుగుగా.

వాగు అవతలి గట్టున, పొదల వెనకనుంచి అదే చప్పుడు వచ్చింది. అదే గొంతు. అక్క చెయ్యి ఆగిపోయింది. అటు చప్పుడు ఆగలేదు. ఒక చుక్కల ఆవు పొదలు తోసుకుంటూ బయటికొచ్చి, నీళ్లలోకి దిగి, మా వైపు నడిచి వచ్చింది. మెడలో నాన్న గంట. దాని పక్కన నా బిళ్ళ ఎండకు మెరుస్తోంది. ఒక్క కట్టె, ఒక్క సప్పుడు అని నాన్న అన్నప్పుడు నేను ఏదో మాటకు అన్నాడనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. అక్క అప్పటికే ఏడుస్తోంది.

పెద్దమ్మ, ముసలాయన వియ్యపురాలు ఆమేనట, మా ఇద్దర్నీ ఏడవనిచ్చింది. తర్వాత అడిగింది.

"గంట మీదేనా?"

"మాదే పెద్దమ్మా."

"మరి గొడ్డేది?"

నేను అక్క వైపు చూశాను. ఆమె మళ్లీ అడిగింది. గంట కోసం వచ్చినవాళ్లు గొడ్డును చూపించాలి. ఏ రంగుది, ఏ కొమ్ములది, ఎప్పటినుంచి కనబడతలేదు? దాని కోసమే ఇన్ని రోజులు ఇన్ని మందల చెవిన వేసింది ఆమె.

"మాకు గొడ్డు లేదు," అన్నాను.

"గొడ్డు లేనిది గంటేంది?"

అక్క కళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది. "మా నాన్న చేసిందమ్మా అది. ఆయన చేత్తో చేసిన ఆఖరిది. మాకిచ్చెయ్యి, నీకు పుణ్యముంటుంది."

"చేసినోడు మంచిగ చేసిండు," అంది పెద్దమ్మ. "గని చేసినోళ్లకు గాదు గద ఇచ్చేది. గొడ్డుగలోళ్లకు ఇయ్యాలె. మీ గొడ్డు దొరికినంక రాండి, ఇస్త. అందాక నా కాడ ఉంటది. దీనికి గంట లేనప్పుడు రెండుసార్లు తప్పిపోయింది. ఇప్పుడు పోతలేదు."

"ఇదిగో మా గొడ్డు," అంది అక్క నన్ను ముందుకు తోసి. "కట్టు దీని మెడకు."

పెద్దమ్మ పక్కనున్న మనిషితో కోయలో ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వారు. నవ్వింది గానీ గంట ఇవ్వలేదు.

ఒక్క నిమిషం నాకు నిజంగా కోపం వచ్చింది. బిళ్ళ నంబరు నా పేరు మీద ఉంది, ఫోను తీసి చూపించొచ్చు. అంతలో ఆవు నీళ్లు తాగడానికి తల వంచింది. గంట మెల్లగా రెండుసార్లు పలికింది, నీళ్ల మీద. గొడ్డు మెడలో మోగే నాన్న గంట విని నాకు ఇరవై ఏళ్లు దాటింది. మేకు మీద అది ఎప్పుడూ అలా పలకలేదు. పార్కులో ఎవరో జీపులోంచి ఊపినా అలా పలికేది కాదు. ఫోను సంచిలోనే ఉంచాను.

"ఉండనీ పెద్దమ్మా. నీ ఆవుకే ఉండనీ."

"గా బిళ్ళ తీసి ఇయ్యాల్నా?"

"అదీ ఉండనీ."

"ఉండాలె," అంది ఆమె. "ఎవరన్న అడగొస్తె గుర్తుంటది."

వెనక్కి వచ్చేటప్పుడు అక్క గంటను కొంగులో చుట్టలేదు. ఒళ్లో ఊరికే పెట్టుకుంది. గుంతల్లో మోగినా నన్ను తిట్టలేదు. వేంసూరు పోయాక దాన్ని బీరువాలో పెట్టలేదట, పెరటి గుమ్మానికి కట్టిందట. వచ్చిపోయినప్పుడల్లా తలకు కొట్టుకుంటోందని బావగారు నాకు ఫోన్ చేసి మొరపెట్టుకున్నారు.

వాగు దగ్గర్నుంచి వచ్చిన రాత్రే పేజీలో జరిగిందంతా రాశాను. డబ్బాలో దొరికిన గంటకు సొంతదారును వెతకడానికి ఒక ముసలాయన వారం రోజులు తన ఆవును వాగు చుట్టూ తిప్పాడని, పశువుల దవాఖానాకు నడిచాడని, నది దాటించాడని, మీలో ఎవరూ ఒక వస్తువు కోసం ఇంత చెయ్యలేదని రాశాను. డబ్బా అతను మర్నాడే జవాబిచ్చాడు. రూల్స్ ప్రకారం ట్రాకబుల్ డబ్బాలో గానీ ఆటగాడి దగ్గర గానీ ఉండాలట, జంతువు దగ్గర ఉండకూడదట. నెల కాగానే చెప్పినట్టే పోయిందని పెట్టేశాడు. సొంతదారు నంబరు కొడితే వస్తువు మళ్లీ లెక్కలోకి వస్తుంది. కొట్టాను. మళ్లీ పెట్టాడు. మళ్లీ కొట్టాను. మూడోసారికి ఊరుకున్నాడు. గ్రూపులో రాసింది మాత్రం తీయలేదు. దాని కింద నా జవాబు కూడా అలాగే ఉంది, నేనూ తీయను.

ఆ ఊరి నుంచి స్లైడ్లు తెచ్చే ఆరోగ్య కార్యకర్తకు ఇప్పుడు ఇంకో పని పెరిగింది. స్లైడ్ల కట్ట నా బల్ల మీద పెట్టి, గంట సంగతి కూడా చెబుతుంది. ఈ వారం వాగు పైకి మేతకు పోయిందట. ఈ వారం నాలుక ఒకటి అరిగితే పెద్దమ్మ కొడుకు కొత్తది వేశాడట. చప్పుడు మారిందా అని అడిగాను. మారలేదు అక్కా అంది. నేను స్లైడ్లు చూసి ముగించాక అవన్నీ పేజీలో ఎక్కిస్తాను. మ్యాపులో చుక్క కదలదు, ఎందుకంటే వాళ్ల మ్యాపుకు మందలు తెలియవు. నేను రాస్తూనే ఉన్నాను.

గమ్యం అనే గడిలో పార్కు పేరు, మైదానం గుర్తులు చాలా రోజులు అలాగే ఉండిపోయాయి. ఆ మైదానానికి ఒకరోజు అక్క గంటను నేనే పట్టుకుపోతాను, అది వేరే సంగతి. ఈ గంట అటు పోదు. మొన్న ఆ గడిలో ఉన్నదంతా చెరిపేసి కొత్తగా రాశాను.

పొద్దున అడవికి. పొద్దుగూకేలోపు ఇంటికి.